రాత్రి నానబోస్తే పొద్దుటికి ఫలహారం

బడిగంట కొట్టి ప్రార్థన మొదలైన అయిదు నిమిషాలకే వరుసలో ఒక పిల్లో పిల్లాడో కళ్లు తిరిగి కూలబడటం పల్లె బడుల్లో ఉపాధ్యాయులకు కొత్త సంగతి కాదు. మొహాన నీళ్లు చల్లి, నీడన కూర్చోబెట్టి ‘ఏమ్మా, పొద్దున్న ఏం తిన్నావు?’ అని అడిగితే వచ్చే జవాబూ కొత్తది కాదు. ‘టీ తాగానండి’ అంటుంది. టీతోపాటు రెండు బిస్కెట్లు తిన్నవాళ్లు నయమన్నమాట.

ముందు రోజు రాత్రి ఎనిమిది గంటలకు తిన్న అన్నం తర్వాత ఆ పిల్ల కడుపులోకి గట్టి ఆహారం పోయేది మధ్యాహ్నం పన్నెండున్నరకు, బడి భోజనం వేళకు. అంటే పదహారున్నర గంటలు. దుక్కి దున్నే ఎడ్లకు కూడా ఎవరూ అంతసేపు మేత ఆపరు. ఈ మధ్య వేళల్లోనే పిల్ల రెండు మూడు కిలోమీటర్లు నడవాలి, లెక్కలు చేయాలి, పాఠం బుర్రకెక్కించుకోవాలి. బడుల్లో మధ్యాహ్న భోజనానికి తోడు రాగిజావ ఇవ్వడం 2023 మార్చిలో మొదలుపెట్టింది కూడా ఈ ఆకలిని చూసే.

2019-21 మధ్య జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 63 మందికి, 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవారిలో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నది. ఏ వీధిలో చూసినా సగానికి పైగా ఇళ్లలో ఈ జబ్బు ఉన్నట్లే లెక్క. రక్తం తక్కువైన పిల్లను చూసి ‘దీనికి చదువు మీద ధ్యాస లేదు’ అనుకునే తల్లిదండ్రులు ఎందరో.

తెలియక కాదు, తీరిక లేక

విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో పెద్దవాళ్లను అడిగితే మంచి ఫలహారాల పేర్లు ఏకరువు పెడతారు. చోడి అంబలి, గంటి రొట్టె, ఉలవ గుగ్గిళ్లు, మినపరొట్టె, ఆవిరి కుడుము, చిమ్మిలి, సున్నుండలు. ఇవన్నీ ఆడవారికి తెలియనివి కావు. వీటికి కావలసిన గింజలు సంతలో దొరకనివీ కావు. లేనిదల్లా పొద్దున్న పూట తీరిక.

నాట్లు, కలుపులు, కోతల రోజుల్లో కూలికి వెళ్లే ఇల్లాలు నాలుగున్నర, అయిదు గంటలకు లేస్తుంది. కళ్లాపి చల్లాలి, నీళ్లు పట్టాలి, పశువుల పని చూడాలి, మధ్యాహ్నానికి క్యారేజీ కట్టుకోవాలి. ఏడింటికల్లా పొలంగట్టు మీద ఉండాలి. ఆమెను పట్టుకుని ‘పిల్లలకు వేడివేడిగా ఫలహారం చేసి పెట్టమ్మా’ అని సలహా చెప్పడం తేలికే. చేసేది ఎప్పుడు? అందుకే ఆమె పిల్ల చేతిలో అయిదో పదో రూపాయలు పెట్టి బయలుదేరుతుంది. ఆ డబ్బు వీధి చివర కొట్లో వేలాడే రంగు పాకెట్టు అవుతుంది.

ఇద్దరు పిల్లలు పూటకొకటి చొప్పున, పొద్దున్న రెండు, సాయంత్రం రెండు, అయిదు రూపాయల పాకెట్లు తింటే రోజుకు 20 రూపాయలు, నెలకు 600. పాకెట్టు విప్పితే గాలి పోను మిగిలేది గుప్పెడు. అందులో ఉన్నది ఎక్కువగా పిండి, నూనె, ఉప్పు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార సూత్రాల్లో ఉప్పు, పంచదార, కొవ్వు ఎక్కువగా ఉన్న ఇలాంటి కర్మాగార తిండిని బాగా తగ్గించమని గట్టిగానే చెప్పారు. అయితే పాకెట్టు వద్దని చెప్పి ఊరుకుంటే పిల్ల కడుపు నిండదు. దాని స్థానంలో పెట్టేది పొద్దున్న పొయ్యి దగ్గర పావుగంటకు మించి నిలబెట్టనిదై ఉండాలి. అదృష్టం ఏమంటే పాతకాలపు ఫలహారాల్లో చాలావరకు అలాంటివే. నానడం, పులవడం, మొలకెత్తడం రాత్రిపూట వాటంతటవే జరిగిపోతాయి.

అంబలి పలచనైతే నీళ్లే

ఉత్తరాంధ్ర పల్లెల్లో ఒకప్పుడు పొద్దున్న పూట చోడి అంబలి తాగకుండా పొలం వెళ్లినవారు లేరు. వరి పెరిగింది, 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది, మూడు పూటలా అన్నం తినగలగడం పేదవాడికి గౌరవమైంది. అందులో తప్పు లేదు. కడుపునిండా అన్నం లేని రోజులు చూసినవారికే ఆ విలువ తెలుసు. కాని అన్నంతోపాటు ‘అంబలి పేదల తిండి’ అన్న చిన్నచూపు కూడా వచ్చి కూర్చుంది. ఇప్పుడు అదే చోడిపిండి పట్నంలో అందమైన డబ్బాల్లో ఖరీదుగా అమ్ముడుపోతుంటే పల్లెవాళ్లు వింతగా చూస్తున్నారు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపిన తర్వాత ఈ మోజు మరీ పెరిగింది.

జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టిక ప్రకారం వంద గ్రాముల చోళ్లలో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నది. అంతే తూకం తెల్ల బియ్యంలో ఉన్నది ఏడెనిమిది మిల్లీగ్రాములు మాత్రమే. ఎముకలు సాగే వయసు పిల్లలకు, పాలిచ్చే తల్లులకు ఈ తేడా చిన్నది కాదు. కాని చోళ్లు తింటే రక్తం పడుతుందని ఊళ్లో అనుకునే మాట సగమే నిజం. ఇనుము బియ్యంలో కంటే చోళ్లలో ఎక్కువే, వంద గ్రాములకు నాలుగున్నర మిల్లీగ్రాములు ఉంటుంది. అందులో ఒంటికి పట్టేది కొంతే. రక్తహీనతకు అంబలి ఒక్కటే చాలదు, దానితోపాటు ఏం తింటున్నారన్నది ముఖ్యం.

నలుగురున్న ఇంటికి అంబలి కాచే పద్ధతి ఇది. రాత్రి పడుకోబోయే ముందు రెండు గ్లాసుల చోడిపిండిని మూడు నాలుగు గ్లాసుల నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మట్టికుండలోనో స్టీలు గిన్నెలోనో మూతపెట్టి ఉంచాలి. తెల్లవారేసరికి కొద్దిగా పులుస్తుంది. పొద్దున్న ఏడెనిమిది గ్లాసుల నీళ్లు మరగబెట్టి, అరగ్లాసు నూకలు వేసి ఉడకనిచ్చి, పులిసిన పిండి పోస్తూ గరిటెతో తిప్పుతూ ఉండాలి. పిండి పచ్చివాసన పోయి, గరిటె నుంచి మెల్లగా జారేంత చిక్కబడితే దించేయవచ్చు. చల్లారాక ఉప్పు, మజ్జిగ కలిపి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుంటారు. కొందరికి ఎండుచేప కావాలి. మామిడికాయల రోజుల్లో కొత్తావకాయ ఉండనే ఉన్నది.

చాలా ఇళ్లలో జరిగే పొరపాటు పిండి కొలతలో. ఒక్క గ్లాసు పిండిని కుండెడు నీళ్లలో కలిపి ఆరుగురికి పోస్తారు. అది దాహం తీరుస్తుంది, ఆకలి తీర్చదు. మనిషికి అరగ్లాసు పిండి పడితేనే అది ఫలహారం. చక్కెర వ్యాధి ఉన్న పెద్దవారు ఇంకొకటి గమనించాలి. పలచని జావ త్వరగా జీర్ణమై రక్తంలో చక్కెరను త్వరగా పెంచుతుంది. చోళ్లు మంచివి కదా అని రెండు గ్లాసుల తియ్యని జావ తాగడం కంటే, అదే పిండితో మునగాకు, ఉల్లిపాయ కలిపి రొట్టె కాల్చుకుని పప్పుతో తినడం వారికి మేలు.

చంటిపిల్లల విషయంలో పాతకాలపు ముసలమ్మలు చేసే పని ఒకటి ఇప్పుడు తగ్గిపోయింది. చోళ్లు ఒక రాత్రి నానబోసి, తడిగుడ్డలో మూటకట్టి ఒకటి రెండు రోజులు ఉంచితే మొలకలు వస్తాయి. వాటిని నీడన ఆరబెట్టి, దోరగా వేయించి, విసిరి జల్లించిన పిండితో జావ కాచేవారు. ఈ పిండికి ఒక గుణం ఉన్నది. మొలకెత్తిన గింజలో పుట్టే రసాలు పిండిని పలచబరుస్తాయి. కనుక ఎక్కువ పిండి వేసినా జావ బంకలా ముద్దకట్టదు. నాలుగు చెంచాలకు మించి తినలేని ఆరేడు నెలల బిడ్డకు ఆ నాలుగు చెంచాల్లోనే ఎక్కువ బలం చేరుతుంది. మొలకెత్తించడం వల్ల గింజలోని ఇనుము కూడా ఒంటికి మెరుగ్గా పడుతుంది. ఒక కిలో పిండి చేసుకుంటే బిడ్డకు చాలా రోజులు వస్తుంది.

చద్దన్నం మాటా చెప్పుకోవాలి. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి, రెండు చెంచాల మజ్జిగ వేసి మూతపెట్టిన చద్ది పొద్దున్న పిల్లలకు పెట్టడానికి సిగ్గుపడే పని లేదు. టీ, బిస్కెట్ల కంటే వెయ్యి రెట్లు నయం. అయితే అన్నం నీళ్లలో పూర్తిగా మునగాలి, ఎంగిలి చెయ్యి పడకూడదు, పొద్దున్నే తినేయాలి. వేసవిలో పైపైన ఆరిపోయి తీగ సాగిన అన్నాన్ని ‘పారబోస్తే పాపం’ అని పిల్లలకు పెట్టడం మాత్రం మంచిది కాదు.

ఉలవలు ఎడ్లకేనా?

ఉలవలు అనగానే ఎడ్ల దాణా గుర్తుకు రావడం మన అలవాటు. ఆ ఎడ్లకు బలం ఎక్కడి నుంచి వస్తున్నదో ఆలోచించినవారు తక్కువ. వంద గ్రాముల ఉలవల్లో దాదాపు 22 గ్రాముల మాంసకృత్తులు, ఎనిమిది తొమ్మిది మిల్లీగ్రాముల ఇనుము ఉన్నాయి. ఇనుము చోళ్లలో కంటే ఇంచుమించు రెట్టింపు. అంబలి తాగిన పిల్లకు గుప్పెడు ఉలవ గుగ్గిళ్లు తోడైతే ఒకదాని లోటు ఒకటి తీరుస్తుంది.

దీనికీ పొద్దున్న పని తక్కువే. రాత్రి ఒక గ్లాసు ఉలవలు రాళ్లు ఏరి, కడిగి నానబోయాలి. పొద్దున్న అన్నం వండేటప్పుడు పక్క పొయ్యి మీద కుక్కర్‌లో పెడితే అయిదారు కూతలకు మెత్తబడతాయి. కుక్కర్ లేనివారు రాత్రి భోజనాలయ్యాక ఆరుతున్న కట్టెల పొయ్యి మీద కుండ ఉంచి, ఆ నిప్పుల మీదే ఉడకనిస్తారు. అలా చేసేవారు ఉలవలు పొద్దున్నే నానబోసుకోవాలి. ఉడికిన నీళ్లు వంచి చారుకు తీసిపెట్టి, గింజల్ని ఆవాలు, ఎండుమిరపకాయ, కరివేపాకుతో పోపు పెడితే సరి. దించాక నిమ్మకాయ పిండడం మరవకూడదు. రుచికి మాత్రమే కాదు, నిమ్మరసంలోని సి విటమిన్ గింజల్లోని ఇనుమును ఒంటికి పట్టిస్తుంది.

టీ సరిగ్గా దీనికి వ్యతిరేకం. టీలోని వగరు ఇనుమును పట్టి ఉంచి ఒంటికి చేరనివ్వదు. తిండికి ముందు గంట, తర్వాత గంట టీ, కాఫీ తాగవద్దని పోషకాహార సంస్థ చెబుతున్నది అందుకే. పెద్దవాళ్లు మానలేకపోతే వాళ్ల ఇష్టం. పాలు చాలక టీ నీళ్లు కలిపి అయిదేళ్ల పిల్లకు గ్లాసుతో ఇచ్చే అలవాటు మాత్రం రక్తహీనత ఉన్న ఇంట్లో వెంటనే ఆగవలసినది.

ఉలవలు తినని పిల్లలకు శనగలు, పెసలు, బొబ్బర్లు ఇలాగే చేయవచ్చు. మూడు రోజులకోసారి గింజ మారిస్తే విసుగు పుట్టదు. పెసలు నానబోసి రుబ్బితే పెసరట్టు, అది పులవనక్కరలేదు. మినపప్పు రాత్రి రుబ్బి బియ్యపు రవ్వ కలిపి ఉంచితే పొద్దున్న మినపరొట్టె. ఇడ్లీలూ దోసెలూ అయితే పొయ్యి దగ్గర నిలబడాలి. మినపరొట్టె అలా కాదు. మందపాటి మూకుడులో కాస్త నూనె వేసి, పిండంతా ఒక్కసారే పోసి, మూతపెట్టి సన్నని సెగ మీద వదిలేస్తే, ఇల్లాలు పశువులకు కుడితి పెట్టి వచ్చేలోగా అడుగు ఎర్రగా కాలి ఉంటుంది. నలుగురూ ముక్కలు తుంచుకుని బెల్లం పానకంతోనో పచ్చడితోనో తినవచ్చు. పొట్టు మినపప్పు వాడితే మరీ మంచిది. తెల్లగా కనిపించాలని పొట్టంతా కడిగి పారేయడం ఎవరు మొదలుపెట్టారో గాని, పీచు, ఖనిజాలు చాలావరకు దానితోనే పోతాయి.

వారానికి ఒక్క పూట

సాయంత్రం బడి నుంచి వచ్చిన పిల్లలు పుస్తకాల సంచి విసిరేసి ముందు చూసేది ఉట్టి వైపో, అలమర వైపో. ఆ వేళకు తల్లి ఇంకా పొలం నుంచి రాదు. డబ్బాలో ఏదైనా ఉంటే తింటారు, లేకుంటే కొట్టు దారి పడతారు. కనుక చిరుతిండి ముందే చేసి ఉండాలి. వారంలో ఒక పూట దానికి పోతుంది, తప్పదు.

అన్నిటిలోకి తేలిక చిమ్మిలి. నువ్వులు దోరగా వేయించి, బెల్లం వేసి రోట్లో దంచి ఉండ చుట్టడమే. పాకం పట్టే పని లేదు, నూనె అక్కరలేదు. వంద గ్రాముల నువ్వుల్లో వెయ్యి మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నది. రజస్వల అయిన పిల్లలకు చిమ్మిలి పెట్టే ఆచారం ఊరికే రాలేదు. ఆ పది పదిహేను రోజులూ పెట్టి తర్వాత మానేయడమే తప్పు. నువ్వులు వేడి అని భయపడేవారు రోజుకు నిమ్మకాయంత ఉండ ఒక్కటి పెడితే చాలు.

వేరుశనగ గుళ్లను అలాగే వేయించి, పొట్టు చెరిగి, బెల్లంతో దంచి ఉండ చేయవచ్చు. పాకం పట్టి అచ్చు పోస్తే పెళుసుగా బాగుంటుంది, కాని మరిగే పాకం దగ్గర పిల్లలు లేకుండా చూసుకోవాలి. వేరుశనగ విషయంలో ముఖ్యమైన జాగ్రత్త గింజ ఏరడం. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు పట్టినవి, చేదుగా ఉన్నవి ఏరి పారేయాలి. ఆ బూజులో కాలేయాన్ని పాడుచేసే విషం ఉంటుంది, వేయించినా అది పూర్తిగా పోదు. కల్లంలో తడిసిన కాయను అమ్మకానికి పనికిరాదని ఇంటి వాడకానికి ఉంచుకోవడం కొందరి అలవాటు. పశువులకు పెట్టడానికి కూడా అది తగదు. అయిదేళ్ల లోపు పిల్లలకు పలుకులు గొంతుకు అడ్డం పడతాయి కనుక వారికి మెత్తగా దంచినదే పెట్టాలి.

సున్నుండలు పండక్కే అనుకోవడం నెయ్యి ఖరీదు వల్ల. పొట్టు మినుములు సన్నని సెగ మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించి పిండి పట్టించి ఉంచుకుంటే, ఎప్పటికప్పుడు గుప్పెడు పిండి, చితక్కొట్టిన బెల్లం, చెంచాడు నెయ్యి కలిపి పిల్ల చేతిలో పెట్టవచ్చు. ఉండ కట్టకపోయినా బలం తగ్గదు.

పోషకాహార సంస్థ నిపుణులు తక్కువ బరువున్న పిల్లల కోసం తయారుచేసిన ‘హైదరాబాద్ మిక్స్’ కూడా ఇలాంటిదే. వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ 10, బెల్లం 20. మొత్తం 86 గ్రాముల పిండిలో 330 కేలరీలు, 11 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. మందుల షాపు డబ్బాలో దొరికే బలం పొడులకు డబ్బు పోసేవారు ఈ నాలుగు దినుసుల ఖరీదు ఒకసారి లెక్కకట్టి చూసుకోవచ్చు. బెల్లం గురించి మాత్రం భ్రమ పడవద్దు. ఇనుము ఉన్నదని దాన్ని మందులా తినిపించేవారున్నారు. అది కూడా తీపే, పంచదారకు దగ్గరి చుట్టమే. రుచికి తగినంత వేస్తే చాలు.

ఇవేవీ చేయలేని వారాలూ ఉంటాయి. కోతల్లో ఒళ్లు పులిసిపోయి ఉంటే రోలు ముందు ఎవరు కూర్చుంటారు? అప్పుడు చెట్టూ చేనూ ఆదుకుంటాయి. చలికాలంలో తంపటేసిన తేగలు, ఉడకబెట్టిన చిలగడదుంపలు, వర్షాల్లో కాల్చిన మొక్కజొన్న పొత్తులు, వేసవిలో తాటిముంజలు, పనస తొనలు. పెరట్లో జామచెట్టు ఉంటే ఆ ఇంటి పిల్లలకు సి విటమిన్ కోసం ఎక్కడికీ వెళ్లనక్కరలేదు. పెంచే కోళ్లు పెట్టిన గుడ్లన్నీ సంతకు పంపకుండా వారానికి నాలుగైనా ఇంట్లో ఉంచుకుంటే, ఉడకబెట్టడానికి పది నిమిషాలు.

చోడిపిండి పట్టించేవారు మరకు ఏ వేళకు వెళ్లాలో తెలుసుకుని వెళ్లడం మంచిది. మిరపకాయలు పట్టిన వెంటనే పోసిన చోళ్ల పిండి పిల్లలు నోట పెట్టరు. పిండి చల్లారాకే డబ్బాలో పోయాలి, వేడి మీద మూత బిగిస్తే చెమర్చి పురుగు పడుతుంది. నెలకు మించి నిల్వ ఉంచే పని పెట్టుకోకూడదు. ఇక రాత్రి పడుకునే ముందు ఉలవలు ఏరి నానబోయడం, పిండి కలిపి మూతపెట్టడం అన్నవి ఆడవారే చేయవలసిన పనులని ఎక్కడా రాసి లేదు. అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకునే తాతగారు చేటలో రాళ్లు ఏరిపెట్టవచ్చు. నాన్న లేచి పిండి కలపవచ్చు. ఎనిమిదో తరగతి పిల్లవాడు చెంబుతో నీళ్లు పోయవచ్చు. పొద్దున్న కుండ మూత తీసినప్పుడు పిండి బుడగలు కట్టి ఉంటే, అప్పటికే సగం వంట అయినట్లే.